అప్పీలులో నా పేరిట రాసిన ఆకలిని కొట్టివేయుట గురించి

గౌరవనీయులైన కార్యదర్శి గారి సముఖమునకు,
జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, సూర్యాపేట.

అర్జీదారు: బొల్లెపల్లి నీల, భర్త నాగేందర్ (ప్రస్తుతం జైలులో), వృత్తి కర్రీ పాయింటు, నివాసం కోదాడ.

విషయం: మోటర్ల దొంగతనం, ముఠా వసూళ్ల కేసులో శిక్ష పడిన నా భర్త వేయుచున్న అప్పీలు నుండి నా ఆకలిని, నా రోగమును, నా కన్నీళ్లను తొలగించి, నాకు తెలిసిన ఒక్క నిజమును అందులో చేర్చుటకు న్యాయవాదిని ఇప్పించుట కొరకు.

అయ్యా,

తమరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. అర్జీ అంటే 'అయ్యా' అనే మొదలుపెట్టాలని కోర్టు బయట టైపు కొట్టే ఆయన చెప్పినందున అట్లనే రాస్తున్నాను. అమ్మగారైతే మన్నించగలరు. ఈ దిగువ కనపరచిన సంగతులను తమరు ఓపికతో చదవవలసినదిగా కోరుచున్నాను. నాకు చదువు ఇంటర్ వరకే. ఈ రాతలో సగం కోపం కలిసి ఉంది.

1. నా భర్త నాగేందర్‌ది చిలుకూరు. కోదాడ కోర్టు వారు ఆయనకు, ఆయన ఇద్దరు తోడుదొంగలకు దొంగతనం కింద, ముఠా కట్టి వసూళ్లు చేసినందుకు మూడేండ్ల జైలుశిక్ష విధించియున్నారు. ఆ పని ఎట్ల నడిచేదో కేసు కాగితాల్లో ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగులో మనవి చేస్తాను. కాలువ గట్టు మీద రైతు పెట్టుకున్న కరెంటు మోటరు మాయమైతది. తెల్లారి ఆ రైతు నెత్తికి చేతులు పెట్టుకొని కూర్చుంటే, నా భర్త బండి మీద పోయి పక్కన కూర్చొని అయ్యో అంటడు. పోలీసుల దాకా పోతే దొంగలు మోటరు పగలగొట్టి రాగి తీగ అమ్ముకుంటరు, నాకు తెలిసిన మనిషి ఒకడున్నడు, వానికి ఎంతో కొంత ముట్టజెప్తే మోటరు వస్తది అని చెప్తడు. రైతు ఇస్తడు. మోటరు వస్తది. అక్కడి నుండి పంటపంటకు కాపలా పైసలని ఇంకా కట్టాలె. కట్టినవాళ్ల మోటర్లు ఉన్నచోట ఉంటయి. కట్టనివాళ్ల మోటర్లకు కాళ్లొస్తయి. దొంగ ఆయనే, మధ్యల పెద్దమనిషి ఆయనే, కాపలాదారు ఆయనే. ఇన్ని కొలువులు చేసిన మనిషి ఇంటికి పావుకిలో టమాటలు తెచ్చిన పాపాన పోలేదు.

2. ఆయనకు శిక్ష వేసిన సెక్షను పేరులో 'చిన్నపాటి' అనే మాట ఉందట. చిన్నపాటి వ్యవస్థీకృత నేరం. శిక్ష చదివినప్పుడు నా భర్త తల దించలేదు. ఆ మాటకు అర్థం ఆయన వకీలు గారు చెప్పినప్పుడు మాత్రం మొఖం మాడ్చుకున్నడు. నేను జైలుకు ములాఖత్‌కు పోయినప్పుడు నువ్వెట్లున్నవని నన్ను అడగలేదు. తనను చిల్లర దొంగల్ల కలిపిండ్రని బాధపడ్డడు. ఊర్ల తన ఇజ్జత్ ఏం గావాలన్నడు. ఆ ఇజ్జత్ కోసమే ఈ అప్పీలు అని తమరికి ముందుగా మనవి.

3. అప్పీలుతో పాటు, శిక్షను ఆపి జామీను మీద విడిచిపెట్టమని ఒక దరఖాస్తు తయారైంది. నా భర్త అన్న, మా బావ గోపాల్, ఆ కాగితాలు పట్టుకొని మధ్యాహ్నం గిరాకీ జోరుగా ఉన్న వేళ మా కర్రీ పాయింటుకు వచ్చినాడు. కూర గిన్నెల నడుమ బల్ల మీద కాగితం పరిచి, నా పేరు కింద వేలు పెట్టి సంతకం చేయమన్నాడు. చదవకుండ చేయనన్నాను. చదివితే అందులో ఇట్లుంది: భర్త సంపాదన తప్ప భార్యకు మరే ఆధారం లేదు, ఆమె పూట గడవక పస్తులుంటున్నది, దిగులుతో అనారోగ్యం పాలైనది, ముద్దాయి తల్లి రాజమ్మ మంచం పట్టి చావుబతుకుల్లో ఉన్నది.

అయ్యా, ఈ కర్రీ పాయింటు నేను పెట్టి ఐదేండ్లాయె. పొద్దుగాల లేచి పప్పు, చారు, రెండు కూరలు, ఒక వేపుడు చేసి సగం బజారుకు అన్నంలోకి కూర నేనే అందిస్తున్నాను. నేను పస్తులున్నట్టు రాసిన వకీలు గారు వారంలో నాలుగు రోజులు మా కూరే తింటడు. నా ఆకలి గురించి రాసిన రోజు కూడా గుమాస్తాను పంపి గుత్తివంకాయ తెప్పించుకున్నడు. కొంచెం నూనె ఎక్కువైందని కబురు కూడా పంపిండు.

మా అత్త రాజమ్మ మంచం పట్టిందని చదివి నాకే భయమై ఫోన్ చేసిన. ఆమె నాట్లల్ల ఉంది. సంగతి చెప్తే, తను మంచం పడితే గీ నాట్లు గోపాల్ వచ్చి ఏస్తడా అని అడిగి, బురద చేయితోని ఫోన్ పట్టుకున్న, పెట్టేయమన్నది. ఈ మాటలు మా బావకు వినపడేటట్టుగనే ఫోన్ స్పీకర్‌ల పెట్టిన.

సంతకం పెట్టనన్నాను. ఆయన కాగితం మడిచి జేబుల పెట్టుకుంటూ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పెట్టకపోతే నీ ఇష్టం. అప్పీలుల మాత్రం గట్లనే ఉంటది. జడ్జి వచ్చి నీ గిన్నెలు సూస్తడా?"

ఆ గిన్నెలు చూడమనే తమరికి ఈ అర్జీ.

4. ఇంతవరకే అయితే తమ సమయం వృథా చేయకపోదును. దీని వెనుక మా తల్లిగారింటి సంగతి ఒకటి ఉన్నది. మా నాయన దుర్గయ్యది వేములపల్లి. ఒక యాసంగి పంటలో వరి పొట్ట మీదున్నప్పుడు ఆయన మోటరు పోయింది. నీళ్లు ఒక వారం ఆగితే ఆ పంట గడ్డి కిందనే లెక్క. మా నాయన నాకు ఫోన్ చేసి మాట్లాడలేక పెట్టేసినాడు. నా భర్త ఆ పూటనే బండెక్కి పోయినాడు. వాకిట్లో కుర్చీ వేసుకొని అటూ ఇటూ ఫోన్లు చేసినాడు, మెల్లగా మాట్లాడినాడు, ఒకరిద్దరిని గట్టిగా బెదిరించినట్టు కూడా చేసినాడు. దొంగలకు ఇవ్వాలన్నంత మా నాయన ఇచ్చినాడు. పంట ఎండకముందే మోటరు ఆటోలో ఇంటిముందు దిగింది.

ఆ రోజు మా నాయన కోడిని కోయించి, అల్లునికి కొత్త టవల్ కప్పి, తనకు కొడుకు లేడన్న బాధ తీరిందని వాడకట్టు మొత్తం వినేటట్టు చెప్పినాడు. నేను కూడా పొంగిపోయిన. ఆ టవల్ మా ఇంట్లనే ఉండె. ఇప్పుడు మసిగుడ్డ చేసిన.

5. ఆ సంవత్సరమే సద్దుల బతుకమ్మ నాడు మా నాయనకు కడుపులో పుండు పగిలింది. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చినాము. ఆపరేషన్‌కు రక్తం కావాలన్నారు. నా భర్త రక్తం కలిసింది.

అయ్యా, ఇది నాకు రాయబుద్ధి కావట్లేదు. అయినా జరిగింది గనుక రాస్తున్నాను. ఆయనకు సూది అంటే భయం. శోభారాణి అనే నర్సమ్మ చేయి పట్టుకొని సముదాయిస్తే గాని కూర్చోలేదు. ఆయన వేసిన కేకకు పక్క వార్డు వాళ్లు లేచి వచ్చి చూసినారు. ఒక్క సీసా రక్తం ఇచ్చి, వచ్చిపోయే ప్రతి చుట్టానికి మొదటి నుండి చెప్పినాడు. కాని పోలేదు. పొద్దున మాతో వచ్చిన మనిషి మర్నాడు మా నాయన కండ్లు తెరిచేదాకా ఆ వరండా దాటలేదు. సాయంత్రం వీధిల బతుకమ్మ పాటలు వినపడుతుంటే నాకు చాయ తెచ్చి ఇచ్చి, ఏడవకు, ఏం కాదు అన్నడు. ఆ మాట మీద నేను ధైర్యం పట్టిన.

ఆ సాయంత్రమే చిలుకూరులో ఊరంతా బతుకమ్మ కాడ ఉన్నప్పుడు బీరయ్య అనే రైతు మోటరు పోయింది.

6. చలికాలంలో నా భర్తను, తోడుదొంగలను పట్టుకున్నారు. పోలీసులు ఆయనను వెంట తిప్పుకుంటూ, ఎక్కడెక్కడ తీసినవో చూపించుమన్నారు. ఒక పొద్దున జీపు వేములపల్లిలో మా నాయన పొలం కాడ ఆగింది. నేను నాయనకు సద్ది తీసుకొని పోయిన రోజు. ఆపరేషన్ కుట్లు మానినయి గాని ఆయన ఇంకా వంగి పని చేయలేకపోతుండె, పార పట్టుకొని గట్టు మీద నిలబడి ఉండె. నా భర్త జీపు దిగి, మమ్ములను చూసి కూడా, మోటరు వైపు చేయి చూపి, "గిది గూడ మేమే తీసినం సార్" అన్నడు.

అప్పుడు గాని నాకు తెలువలేదు. మా నాయనకూ తెలువలేదు.

ఫిర్యాదు ఇస్తవా అని పోలీసు సారు అడిగిండు.  మా నాయన అల్లుని దిక్కు చూడలేదు, నా దిక్కు చూసిండు. "దొంగతనమేం గాలేదు సార్. రిపేరుకు తీస్కపొమ్మని నేనే ఇచ్చిన" అన్నడు. సారుకు నమ్మకం కుదరలేదు, అయినా ఏం చేస్తడు, వెళ్లిపోయిండు. జీపు పోయినంక నాయన పొలానికి నీళ్ల మడవ తిప్పుకునే పనిల పడ్డడు. సద్ది అట్లనే ఉండిపోయింది. ఆ పొద్దు నుండి అల్లుని పేరు ఆయన నోట నేను వినలేదు.

అందుచేత మా నాయన మోటరు ఈ కేసులో లేదు. కేసులో ఉన్నవి చిలుకూరు చుట్టుపక్కల మోటర్లు మూడే. అందులో రెండు తానే తీసినట్టు నా భర్త జైలు ఇనుప జాలీ అవతల నిలబడి నాతో చెప్పినాడు. సిగ్గుపడి చెప్పలేదు, పని ఎంత నేర్పుగా చేసిండో చెప్పుకున్నడు. మూడోది బీరయ్య మోటరు. అది తను గాదన్నాడు. ఆయన అనాల్సిన పని లేదు. అది ఆయన కాదని నాకే తెలుసు.

7. కేసు నడుస్తుండగానే నేను వకీలు గారి ఆఫీసుకు పోయి బతుకమ్మ నాటి సంగతి చెప్పియున్నాను. ఆయన విని, మన వాదన ముద్దాయి ఏదీ చేయలేదని, ఈ ఒక్కటి చేయలేదని పట్టుబడితే మిగతావి చేసినట్టు ఒప్పుకున్నట్టేనని చెప్పినాడు. నేను బోనెక్కితే అవతలి వకీలు మా నాయన మోటరు సంగతి లాగుతాడని, ముసలాయన పోలీసులకు అబద్ధం చెప్పిన మాట బయటపడుతుందని, కాబట్టి ఇంట్లో కూర్చోమని కూడా చెప్పినాడు. నా భర్త కూడా అదే మాట కబురు పెట్టినాడు. మామ ఇజ్జత్ కోసం అన్నాడు. మామ మీద అంత మర్యాద ఆయనకు ఎప్పుడు మొలిచిందో నాకు తెలియదు.

నాయన ముఖం చూసి నేను ఊరుకున్నాను. అప్పుడు నా నిజం వాళ్లకు పనికిరాలేదు. ఇప్పుడు నా ఆకలి పనికొచ్చింది. ఉన్నది వద్దన్నరు, లేనిది రాసుకున్నరు.

8. బావ గోపాల్ కాగితం తెచ్చిన తర్వాత నాకు నిద్ర పట్టలేదు. దుకాణం ఒక పూట బందు పెట్టి చిలుకూరు పోయి బీరయ్యను కలిసినాను. నా భర్త మోటరు తీస్తుంటే కండ్లారా చూసినానని కోర్టులో చెప్పిన మనిషి ఆయనే. నన్ను చూడంగనే బతిమాలడానికి వచ్చిననుకున్నడు. కూర్చోమనలేదు. నేను వాకిట్ల నిలబడే దవాఖాన సంగతి మొత్తం చెప్పిన.

ఆయన బీడీ ముట్టించుకొని, తను చూసింది వీపేనని చెప్పిండు. మసక చీకట్ల ఎవడో మోటరు మోసుకపోతుంటే ఎనుక నుండి చూసిండట. పోలీసులు ఇతనేనా అని అడిగితే అవునన్నడట. అంతకు ముందు ఏడాది తన మోటరు తీయించి, తన పక్కనే కూర్చొని అయ్యో అన్నోడు నాగేందరే కాబట్టి ఇది కూడా వాడే అనుకున్నడట.

"వాడు చేసినయి ఎన్ని లెక్కల రాకుంట పోయినయి బిడ్డా. చెయ్యనిది ఒకటి మీద పడితే నీకేం నొప్పి?" అని అడిగిండు.

న్యాయంగా అడిగిండు. నాకు ఆయన మీద కోపం రాలేదు. 

"నాకేం నొప్పి లేదు పెద్దయ్యా. నీ మోటరు తీసినోడు ఎవడో, బయటనే ఉన్నడేమో. నువ్వు లోపల ఉన్నోన్ని చూసి నిమ్మలంగా పండుకుంటున్నవ్" అన్న.

ఆయన బీడీ పారేసి, లోపలికి పిలిచి కూర్చోమన్నడు. పిలిస్తే సూర్యాపేట దాకా వస్తనని, వీపే చూసినానని చెప్తనని అన్నడు. ఆయన కావాలని అబద్ధం చెప్పినవాడు కాదు, రెండుసార్లు నష్టపోయిన రైతు. ఆయనకు ఏ ఇబ్బందీ కలగకుండా చూడవలెనని తమరిని ప్రత్యేకంగా కోరుచున్నాను.

9. మిగిలింది మా నాయన. ఆ ఆదివారం వేములపల్లి పోయి, జీపు వచ్చిన రోజు తర్వాత మొదటిసారి ఆయన ముందు ఆ సంగతి ఎత్తిన. నేను కోర్టుల నిలబడితే నీ మోటరు ముచ్చట అడుగుతరు, నువ్వు చెప్పింది అబద్ధమని నా నోటితోనే చెప్పాల్సొస్తది, నువ్వు వద్దంటే ఊకుంట అన్న. ఆయన మంచం నులక బిగించుకుంట విన్నడు. తల ఎత్తలేదు.

"ఆ రోజు నీ మొఖం చూసి అబద్ధమాడిన. నలుగురిల నీకు తలవంపులైతదని. ఇగ నా మొఖం చూసి నువ్వు ఆడకు బిడ్డా" అన్నడు.

కొద్దిసేపైనంక, వాని రక్తం నా ఒంట్ల ఉన్నదన్న మాట కూడా చెప్పు, దాపెట్టకు అన్నడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. నులక ఇంకో వరస లాగి కట్టిండు.

10. కావున తమరిని కోరునది ఏమనగా:

నా భర్తను విడిచిపెట్టమని నేను అడుగుటలేదు. తీసిన రెండు మోటర్లకు, రైతుల పక్కన కూర్చొని అన్న అయ్యోలకు, వసూలు చేసిన కాపలా పైసలకు పడిన శిక్ష ఒక్కపూట కూడా తగ్గనక్కర లేదు. అప్పీలు వేసుకొనుట ఆయన హక్కని కోదాడ కోర్టు కాడ కూర్చునే తమ వాలంటీరు సువర్ణ గారు నాకు వివరించినారు. వేసుకోనివ్వండి. అందులో నా పస్తులు, నా రోగం, మా అత్త మంచం కొట్టివేయించండి. మేమిద్దరం ఆయన లేకనే మూడు పూటలా తింటున్నం. ఆయన ఉన్నప్పుడే ఎప్పుడు ఏ ఫోన్ వస్తదో అని ముద్ద దిగేది కాదు.

రెండవది, సద్దుల బతుకమ్మ నాడు ఆయన మిర్యాలగూడలో మా నాయన మంచం పక్కన ఉన్నాడన్న సంగతిని జడ్జి గారి ముందుకు తెచ్చుటకు నాకు ఒక న్యాయవాదిని ఇప్పించండి. ఆయన కోసం కాదు, నా కోసం. ఆడవాళ్లకు ఫీజు లేకుండా ఇస్తారని సువర్ణ గారు చెప్పినారు. నర్సు శోభారాణి గారిని కూడా కలిసి వచ్చాను. ఇంకా అదే దవాఖానలో ఉన్నది. అంత కేక వేసిన మనిషిని ఎట్ల మర్చిపోతానమ్మా అన్నది. పిలిస్తే ఆమె కూడా వస్తానన్నది.

నా నోటి నుండి రాని మాట నా పేరున కోర్టుకు చేరవద్దు, వచ్చిన మాట చేరకుండ పోవద్దు. తమరు ఈ రెండూ మనసులో పెట్టుకొని చిత్తగింతురని నమ్ముచున్నాను.

ఇట్లు,
తమకు విధేయురాలు,
(ఇంకెవ్వరికీ కాదు)
బొల్లెపల్లి నీల
కోదాడ.

తా.క.: నేను చెప్పబోయే మాట వల్ల ఆయన శిక్ష తగ్గవచ్చునని సువర్ణ గారు నన్ను ముందే హెచ్చరించినారు. తెలిసే రాస్తున్నాను. అట్ల తగ్గి ముందుగా విడుదలైతే ఆ తేదీ నాకు ఒక వారం ముందు తెలుపగలరు. ఎదురుపోయి తోలుకొచ్చుకోడానికి కాదు. కిరాయి ఇల్లు మారాలె. కొత్త ఇంటి అడ్రసు తమకు మాత్రం పంపుతా. ఫైల్‌లో పెట్టకుండా తమ దగ్గరే ఉంచుకోగలరు.